తోలుకు నిప్పు, పీకకు నీళ్లు

మా బొగ్గుగనుల ఊరు బెల్లంపల్లిలో పెళ్లి ఊరేగింపు ఎప్పుడు కదులుతుందో తెలియాలంటే శుభలేఖ చూడనక్కర్లేదు. క్వార్టర్ల లైను చివర, వేపచెట్టు కింద సన్నగా పొగ లేస్తే చాలు. డప్పులవాళ్లు వచ్చారన్నమాట. పాత న్యూస్‌పేపర్లు, గుప్పెడు వరిగడ్డి, పెళ్లివారింట్లో దొరికిన అట్టపెట్టెల ముక్కలు, ఇవే వాళ్ల ఇంధనం. ఊరి కింద అంత బొగ్గు ఉన్నా డప్పు కాచడానికి అది పనికిరాదు. వాళ్లకు కావలసింది భగ్గున లేచి చప్పున చల్లారే మంట.

మా డప్పు మామ అసలు నాకు చుట్టమేం కాదు, వరసకు మామ. నాకు ఊహ తెలిసినప్పటి నుంచీ ఆ వాడలో ప్రతి పెళ్లికీ, ప్రతి చావుకూ ఆయన చేతి దెబ్బే. డప్పును మంటకు జానెడెత్తున పట్టి గిరగిరా తిప్పుతుంటాడు. ఒక్కచోట ఆపడు. ఆపితే అక్కడ తోలు మాడి, ఊరేగింపు సగంలో పుటుక్కుమంటుంది. నాలుగు తిప్పులకొకసారి గోటితో మీటి, తల పక్కకు వంచి వింటాడు. మొదట్లో తడిసిన గోనెసంచిని కొట్టినట్టు ‘దబ్బు’మంటుంది. కాసేపటికి గొంతు లేస్తుంది. ఇత్తడి బిందెను తాకినట్టు ‘టంగు’మని పలికేదాకా ఆయన మొహం విచ్చుకోదు. “ఇగ లేసింది” అంటాడు, తోలు అప్పటిదాకా నిద్రపోతున్నట్టు.

నాలుగడుగుల దూరంలో సన్నాయి ఆయన సరిగ్గా దీనికి ఎదురుపని చేస్తుంటాడు. సన్నాయి మూతికి పెట్టే పీకను నోట్లో పెట్టుకుని చప్పరిస్తుంటాడు. ఎవరైనా పలకరిస్తే తీసి, ప్లాస్టిక్ గ్లాసులో నీళ్లలో వేసి, అప్పుడు మాట్లాడతాడు. మేళం ఒకటే. అందులో ఒకరు ఎండబెడుతున్నారు, ఒకరు నానబెడుతున్నారు. తోలులో నీళ్లెంత ఉండాలి, పీకలో ఎంత ఉండాలి అన్నదే ఇద్దరి లెక్కా.

ఒక పెళ్లిలో ఊరేగింపు ఆలస్యమై అందరం ఖాళీగా కూర్చున్నప్పుడు, నా ఫోన్‌లో మామకు ఒక వీడియో చూపించాను. జపాన్‌లో ‘నో’ నాటకాలకు వాయించేవాళ్లు కచేరీకి ముందు తెర వెనక చేసే పని అది. ఒకాయన నిప్పుల కుంపటి ముందు మోకాళ్లమీద కూర్చుని, రెండు గుండ్రటి తోళ్లను సెగకు పెట్టి కాస్తున్నాడు. మామ ఫోను లాక్కున్నంత పని చేశాడు.

“వీళ్లు గూడ కాగవెడుతుండ్రు గదరా!”

“ఔ మామా. గంటకు పైగనే కాగవెడ్తరట.”

“గంటనా? ఇగ తోలు ఉంటదా? ఎన్ని పెండ్లిళ్లకొస్తది అది?”

“పది కచేరీలకొస్తే గొప్ప.”

మామ ఏదో లెక్క వేసుకుంటూ తల అడ్డంగా ఊపాడు. గిట్టుబాటు కాని బేరమని ఆయన మొహమే చెప్పింది.

నో నాటకం మేళంలో వాద్యకారులు నలుగురే. ఒకరిది వేణువు, ముగ్గురివి చర్మవాద్యాలు. వేణువు పేరు నోకన్. చర్మవాద్యాల్లో ఒకటి పీట మీదికెక్కించి పుల్లలతో కొట్టే తైకో. మిగిలిన రెండూ నడుం సన్నగా ఉండే ఢమరుకం జాతివి, మన బుడబుక్కలాయన చేతి డక్కకు దాయాదులు. ఆ నడుం సన్నటి ఆకారం ఇటునుంచే చైనా, కొరియాల మీదుగా అటు చేరిందని సంగీత చరిత్రకారుల్లో చాలామంది మాట. ఎడమ తొడ మీద ఆనించి వాయించేది ఓట్సుజుమి. కుడి భుజం మీద పెట్టుకునేది కొట్సుజుమి. రెండింటికీ గుర్రపు తోలే. ఆకారంలో కూడా ఒకటి అన్న, ఒకటి తమ్ముడు. కానీ ఒకదానికి నిప్పు కావాలి, రెండోదానికి నీళ్లు కావాలి.

ఓట్సుజుమి తోలును ఎముకలా ఎండేదాకా కాచి, తాళ్లు బిగదీసి కడతారు. దెబ్బ పడితే కర్రకు కర్ర తగిలినట్టు ఖణీమంటుంది. వట్టి వేళ్లతో వాయిస్తే వేళ్లు పగిలిపోతాయి. అందుకని కాగితం పొరలు జిగురుతో అంటించి గట్టిపరిచిన తొడుగులు వేసుకుంటారు. నాదస్వరం పక్కన డోలు వాయించే మన విద్వాంసులు కుడిచేతి వేళ్లకు తొడుక్కునే గూళ్లు చూసినవాళ్లకు ఇది కొత్తగా అనిపించదు. కొట్సుజుమి తంతు వేరు. వాయించే ఆయన మధ్యమధ్య తోలు దగ్గర నోరు పెట్టి, అద్దం తుడిచే ముందు ఊదినట్టు ‘హా’ అని ఆవిరి పడతాడు. వెనకవైపు తోలుకు ఉమ్మితో తడిపిన చిన్న కాగితం ముక్క అంటిస్తాడు. మనవాళ్లు మృదంగం ఎడమ మూతికి తడి రవ్వముద్ద పెట్టడం లేదూ, అలాంటిదే. అప్పుడది బావిలో నీటిబొట్టు పడ్డట్టు ‘పొన్’ అని, కొస కొంచెం పైకి వంగి పలుకుతుంది. జాగ్రత్తగా చూసుకుంటే కొట్సుజుమి తోలు వందేళ్లు దాటినా పలుకుతుంది. కాచి కాచి వాడే ఓట్సుజుమి తోలు పది కచేరీలకే పనైపోతుంది.

తోలులో నీళ్లకు ఇంత పెత్తనం ఎందుకు?

చర్మం కొల్లాజెన్ అనే ప్రోటీన్ నారలతో అల్లిన గుడ్డ. ఒక్కో నార మూడు పోగులు పేనిన తాడు. ఆ పోగుల మధ్యా, తాళ్ల మధ్యా నీటి అణువులు దూరి అటొక చేయి, ఇటొక చేయి వేసి కూర్చుంటాయి. అవి ఉన్నంతసేపు చర్మం మెత్తగా సాగుతుంది. వేడికి అవి లేచిపోతే ఖాళీ అయిన చోటికి నారలు జరుగుతాయి, గుడ్డ ముడుచుకోవాలని చూస్తుంది. అంచులన్నీ చట్రానికి బిగించి ఉన్నాయి కాబట్టి ముడుచుకోలేదు. ముడుచుకోలేక లాక్కుంటుంది. మామ గోటికి తగిలే బిగువు అదే. సెగ మరీ ఎక్కువైతే మూడు పోగుల పేనికే విడిపోతుంది, ఇక ఎన్ని నీళ్లు తాగించినా వెనక్కి రాదు. మాడిన తోలు అంటే అర్థం అది.

బిగువుకూ శ్రుతికీ మధ్య ఉన్నది వర్గమూలం లెక్క. సెకనుకు 100 సార్లు కంపించే తోలును 200కు లేపాలంటే రెండింతల బిగువు చాలదు, నాలుగింతలు కావాలి. 150కి లేపాలన్నా రెండుంపావు రెట్లు కావాలి. మొదటి రెండు మూడు తిప్పులకే గొంతు మారినట్టు అనిపించి, ఆ చివరి ‘టంగు’ కోసం మామ అంతసేపు కూర్చోవడానికి కారణం ఇదే. పైగా తోలు గాలిలోని తేమను మళ్లీ పీల్చుకుంటూనే ఉంటుంది. వానాకాలం ముసురులో అరగంటకొకసారి మంట వేయాలి. మే నెలలో మంటే అక్కర్లేదు. ఎండలో పది నిమిషాలు పెడితే చాలు, ఆ తర్వాత దాన్ని నీడకు లాగడమే పని.

ఇప్పుడు ప్లాస్టిక్ పొర డప్పులు వచ్చాయి. వానకు మెత్తబడవు, మంట అడగవు. మామ దగ్గరా ఒకటి ఉంది. దాన్ని ఆయన ‘డబ్బా’ అంటాడు. తప్పేం లేదు. ప్లాస్టిక్ పొర అంతటా ఒకే మందం, లోపల రాపిడి తక్కువ. దెబ్బ పడ్డాక సన్నటి పై శబ్దాలు గీపెడుతూ నిలుస్తాయి. తోలులోని నారల రాపిడి ఆ గీపెట్టడాన్ని తొందరగా మింగేస్తుంది, కింది గొంతును మిగులుస్తుంది.

పై శబ్దాల మాట వచ్చింది కనుక, చర్మవాద్యాలకున్న పుట్టు చిక్కు ఒకటి చెప్పాలి. వీణ తీగ మీటితే అసలు శ్రుతితో పాటు దానికి రెండు రెట్లు, మూడు రెట్లు, నాలుగు రెట్ల శబ్దాలు కలిసి వస్తాయి. అవన్నీ పొందికగా ఉంటాయి కాబట్టి చెవికి ఒకే స్వరంలా తోస్తుంది. గుండ్రటి పొర అలా కాదు. దాని పై శబ్దాలు 1.59 రెట్లు, 2.14 రెట్లు, 2.30 రెట్లు, 2.65 రెట్లు, ఇలా ఏ వరసకూ అందకుండా వస్తాయి. అందుకే మామూలు డోలు దెబ్బలో ఏ స్వరమూ స్పష్టంగా దొరకదు. మృదంగం, తబలా చేసినవాళ్లు తోలు నడుమ నల్లటి కరణి దట్టించి, ఆ బరువుతో అదుపు తప్పిన శబ్దాలను ఇంచుమించు 2, 3, 4, 5 రెట్లకు లాక్కొచ్చారు. దీన్ని కొలిచి 1920లో ‘నేచర్’ పత్రికలో అచ్చువేయించినవారు సి.వి. రామన్, ఆయన సహచరుడు కుమార్. నోబెల్ రావడానికి పదేళ్ల ముందు మాట ఇది. డప్పుకు ఆ నల్లబొట్టు లేదు. దాని పని స్వరం పాడడం కాదు, నాలుగు వీధుల అవతలివాడికి కబురందించడం.

ఇంకొక డోలు ఉంది, బొగ్గు ఊళ్లవాళ్లకు తప్ప బయటివాళ్లకు తెలియదు. అది బాయి లోపలి కప్పు.

మా వైపు బొగ్గుగనిని బాయి అంటాం. భూమి లోపల బొగ్గు తీసిన చోట తల మీద ఉండేది బండల పొరలు. అవి ఒకదాని నుంచి ఒకటి ఎప్పుడు విడిపోతాయో కంటికి కనపడదు. షిఫ్ట్ దిగగానే సర్దార్ తన కర్రతో కప్పును కొట్టి చూస్తాడు. రెండో చేతి వేళ్లు బండకు ఆనించి ఉంచుతాడు. బండ గట్టిదైతే ఖంగున పలుకుతుంది, వేళ్లకు ఏమీ తెలియదు. పొర విడిపోయి ఉంటే బోలుగా ‘దబ్బు’మంటుంది, వేళ్ల కింద సన్నగా వణుకుతుంది. ఇంగ్లీషు గనివాళ్ల మాటల్లో ఇలాంటి కప్పును ‘డ్రమ్మీ’ అంటారు, అంటే డోలులాంటిదని. పేరు తగినదే. విడిపోయిన పొర అంచుల దగ్గర అతుక్కుని, నడుమ వేలాడుతున్న పలుచటి పలక అవుతుంది. పలుచటి పలక సులువుగా వంగుతుంది, తీరిగ్గా ఊగుతుంది, అందుకే గొంతు కిందికి దిగుతుంది. గట్టిగా అతుక్కున్న బండకు అలా ఊగే వీలే లేదు. పైన డప్పు ‘దబ్బు’మంటే మంట వేస్తారు. లోపల కప్పు ‘దబ్బు’మంటే మనుషుల్ని పక్కకు తప్పించి, ఆ బండను రాలగొట్టేదాకా, కింద దిమ్మె నిలబెట్టేదాకా ఎవరూ అడుగు ముందుకు వేయరు.

ఇక సన్నాయి ఆయన గ్లాసు దగ్గరకు వద్దాం.

పీక అంటే రెల్లుతోనో తాటాకుతోనో చేసిన రెండు పలుచటి పెదాలు. ఊదినప్పుడు వాటి మధ్య సందులోంచి గాలి దూసుకుపోతుంది, పెదాలు మూసుకుంటాయి, లోపలి గాలి తిరగబడి తోస్తే తెరుచుకుంటాయి. సెకనుకు కొన్ని వందలసార్లు ఇలా తలుపు తీసి మూయడమే పీక పని. ఎండిన పీక బిరుసుగా ఉండి మూసుకోదు, గాలి తుస్సుమంటుంది. మరీ నానితే మూసుకుని తెరుచుకోదు. జపాన్ దర్బారు సంగీతం ‘గగకు’లో హిచిరికి అనే చిన్న వాద్యం ఉంది, మన సన్నాయికి దూరపు బంధువు. దాని పీకను వాయించే ముందు వేడి గ్రీన్ టీలో నానబెడతారు. అదే మేళంలో దాని పక్కనే షో అనే వాద్యం ఉంటుంది. 17 వెదురు గొట్టాల కట్ట, అందులో 15 పలుకుతాయి. ఒక్కో గొట్టం అడుగున సన్నటి లోహపు నాలుక. మన భజన మండలి హార్మోనియం పెట్టెలో ఉండేది ఈ జాతి నాలుకే. చైనాలో షోకు అన్నలాంటి షెంగ్ ఐరోపా చేరాకే అక్కడివాళ్లకు హార్మోనియం ఆలోచన గట్టిపడింది. ఊపిరిలోని ఆవిరి ఆ నాలుకల మీద చెమటలా పేరుకుంటే షో నోరు మూతపడుతుంది. అందుకని షో వాయించేవాళ్లు పక్కనే చిన్న కుంపటి పెట్టుకుని, పాటకూ పాటకూ మధ్య వాద్యాన్ని దాని మీద తిప్పుతూ వెచ్చబెడతారు. చక్రవర్తి కొలువులోనూ ఒకరిది టీ గ్లాసు, ఒకరిది నిప్పుల కుంపటి. మా వేపచెట్టు కింద సంగతే.

ఆ కొలువుకూ మన దక్షిణాదికీ పాత పరిచయం ఉంది. 736లో బోధిసేనుడనే భారతీయ భిక్షువు జపాన్ చేరాడు. 752లో నారా నగరపు తోదాయిజీ ఆలయంలో మహాబుద్ధ విగ్రహానికి కళ్లు దిద్దే కుంచె పట్టింది ఆయనే. ఆనాటి వాద్యాలు కొన్ని ఇప్పటికీ అక్కడి షోసోయిన్ అనే కర్ర భాండాగారంలో ఉన్నాయి. తేమ దేశంలో కర్రా, వెదురూ వెయ్యిన్ని రెండు వందల ఏళ్లు నిలవడం చిన్న సంగతి కాదు.

హిచిరికి మూరెడు కూడా ఉండదు, గొట్టం 18 సెంటీమీటర్లే. అయినా గొంతు బొంగురు. దానికి కారణం ఆకారం. సన్నాయి గొట్టం పైన సన్నగా మొదలై కిందికి విచ్చుకుంటూ పోతుంది. హిచిరికి లోపలి తొర దాదాపు ఒకే వెడల్పు. పీక ఉన్న కొస గాలికి మూసిన తలుపుతో సమానం. ఒక కొస మూసిన సమగొట్టంలో పట్టేది అలలో నాలుగో వంతే. పీకతో కలిపి సుమారు 22 సెంటీమీటర్లు అనుకుని, ధ్వని వేగం సెకనుకు 345 మీటర్లను నాలుగు 22ల పొడవుతో భాగిస్తే సెకనుకు 390 కంపనాలు దాటుతుంది. రెండు కొసలూ తెరిచిన గొట్టమైతే ఇదే పొడవుకు పై స్థాయి షడ్జమం పలికేది. విచ్చుకునే గొట్టానికి మాత్రం గణితం మరో దారి చూపిస్తుంది. పీక ఉన్నా అది తెరిచిన గొట్టంలాగే నడుచుకుని, రెండు రెట్లు, మూడు రెట్లు, నాలుగు రెట్లు అన్ని పై శబ్దాలనూ ఒలికిస్తుంది. సన్నాయికి ఆ కోత అందుకే వచ్చింది. ఒంగోలు దగ్గర కరవదిలో పుట్టిన షేక్ చినమౌలానా (1924–1999) దాని పెద్దన్న నాదస్వరాన్ని పట్టుకుని, అంత కోత ఉన్న వాద్యం చేత గుసగుసలాడించారు. అది ఊపిరి మీద పట్టు, దాన్ని సూత్రాల్లో పెట్టడం నా వల్ల కాదు.

ఊరేగింపుకు పీకా, తోలూ కలిసే ఎందుకు వెళ్తాయి? ఇక్కడా, తుర్కీ సైన్యం ముందూ అదే జంట. ఒక కారణం మన చెవిలోనే ఉంది. చెవి తొర రెండున్నర సెంటీమీటర్ల చిన్న గొట్టం, కర్ణభేరి దగ్గర మూత. హిచిరికికి వేసిన లెక్కే దీనికీ వేస్తే సెకనుకు 3,450 కంపనాల దగ్గర అది తానే పలుకుతుంది. అంటే ఆ చుట్టుపక్కల శబ్దాలను మన చెవి ఎక్కువ చేసి వింటుంది. సన్నాయి పై శబ్దాలు గుమిగూడేది అక్కడే. డప్పు, డోలు బలమంతా కింది మెట్లలో ఉంటుంది. ఒకరి చోటులోకి ఒకరు రారు. ఎంత మోతలోనైనా సన్నాయి సూదిలా బయటికి వస్తుంది.

అందరికీ రాదు. మా పెద్దనాన్న ముప్పై ఏళ్లు యంత్రాల మోతలో పనిచేసి దిగిపోయాడు. ఓ మనవడి పెళ్లిలో మేళం పక్కనే కుర్చీ వేసి కూర్చోబెడితే, అరగంట విని, నన్ను దగ్గరకు పిలిచి, “సన్నాయోళ్లు రాలేదారా?” అన్నాడు. సన్నాయి ఆయన ఆరడుగుల దూరంలో బుగ్గలు పూరించి ఊదుతున్నాడు. లోపలి చెవిలోని సన్నటి రోమకణాల్లో ఏళ్ల తరబడి మోతకు ముందు చచ్చిపోయేవి 4,000 కంపనాల దగ్గరివి. ఏ దేశంలోనైనా, ఏ కార్ఖానాలోనైనా ఇంతే. ఆ వరసలో ముందు పోయేది మాటల్లో ‘స’, ‘ష’ల తేడా, పాటల్లో సన్నాయి. డోలు మాత్రం ఆయనకు అందుతోంది, చెవికి కొంత, కుర్చీ కోళ్ల గుండా కాళ్లకు కొంత. ఆయన చేతికర్ర చప్టా మీద తాళం తప్పకుండా ఆడుతోంది.

దూరం కూడా ముందు సన్నాయినే కోసేస్తుంది. గాలి సన్నటి శబ్దాలను తొందరగా తాగేస్తుంది, చెట్లు వాటిని చెదరగొడతాయి. లావు శబ్దాలు చెట్లను చుట్టుకుని ముందుకు పోతాయి. దీపావళి ముందు దండేపల్లి మండలం గుడిరేవులో గోదావరి ఒడ్డున పద్మల్‌పురి కాకో గుడి దగ్గర నిలబడితే ఇది ఏ పరికరం లేకుండా తెలుస్తుంది. రాజ్‌గోండుల దండారీ బృందాలు ఒక్కొక్కటే వస్తుంటాయి. మొదట ఎటునుంచో తెలియని అదురు. ఆ తర్వాత డోలు, తుడుం విడివిడిగా. ఇంకా దగ్గరకొచ్చాక గానీ పెప్రె గొంతు వినపడదు, అది సన్నాయి జాతిది. దాని వెనక కాలికోం బూర. చివరికి నెమలి ఈకల కిరీటాలు పెట్టుకున్న గుస్సాడీలు మలుపు తిరుగుతారు. ఈ ఆటను ఢిల్లీదాకా తీసుకెళ్లిన మర్లవాయి కనకరాజుకు 2021లో పద్మశ్రీ వచ్చింది. ఆ మర్లవాయిలోనే 1940లలో మానవశాస్త్రవేత్త హైమండార్ఫ్ గుడిసె వేసుకుని ఉండి, గోండుల దేవుళ్ల కథలన్నీ ప్రధాన్‌ల కింగ్రి తీగలోంచి, ఊదే పెప్రెలోంచి ఎలా నడుస్తాయో రాసిపెట్టాడు. గొట్టం, తోలు లేకపోతే ఆ పూజలు మొదలే కావు.

వేణువుకు పీక లేదు, తలుపు లేదు. గాలి ఒక అంచుకు తగిలి అటూ ఇటూ ఊగడమే. జపాన్ వెదురు వేణువు షకుహచి పేరులోనే దాని కొలత ఉంది. ఒక షకు, ఎనిమిది సున్‌లు అంటే 54.5 సెంటీమీటర్లు. తెరిచిన గొట్టం లెక్క వేస్తే సెకనుకు 316 రావాలి, నిజంగా పలికేది 293 దగ్గర. ఆ తేడా ఎక్కడిదంటే, గాలి అల గొట్టం కొసతో ఆగదు, కొంచెం బయటికి తొంగిచూస్తుంది. గొట్టం తనకు తాను కాస్త పొడుగనుకుంటుంది. ధ్వని వేగం వేడితో పెరుగుతుంది. బెల్లంపల్లిలో జనవరి తెల్లవారుజామున 10 డిగ్రీలుంటే సెకనుకు 337 మీటర్లు, మే మధ్యాహ్నం 45 డిగ్రీలుంటే 358. అంటే ఇదే వేణువు చలికాలానికీ ఎండాకాలానికీ మధ్య ఇంచుమించు ఒక స్వరస్థానం జరగాలి. ఊదే ఊపిరి ఎప్పుడూ వెచ్చగానే ఉంటుంది కాబట్టి అంత జరగదు, అయినా వేసవి కచేరీలో హార్మోనియంతో పేచీ పెట్టుకునేంత జరుగుతుంది. నో వేణువు నోకన్‌ది ఇంకో వింత. దాని గొంతులో కావాలనే ఒక సన్నటి గొట్టం దూర్చి, పై స్థాయి కింది స్థాయికి పొందకుండా చెడగొడతారు. శ్రుతి కలవకూడదనే పట్టుదలతో చేసిన వేణువు అది. వేదిక మీదకు దెయ్యం వచ్చే ఘట్టంలో విన్నాక, చెడగొట్టినవాడి చెవి ఎంత గట్టిదో తెలుస్తుంది.

ఇన్ని తోళ్ల గురించి చెప్పి, తోలు తీసి, నానేసి, వెంట్రుకలు గీకి, ఎండబెట్టే చేతుల గురించి చెప్పకపోతే ఈ అధ్యాయం సగమే. మా దగ్గర ఆ పని మాదిగలది, డప్పూ వాళ్లదే. కబురు చెప్పడానికి వాళ్ల డప్పు కావాలి, గుడి మెట్టు మీదకు వాళ్లు వద్దు. జపాన్‌లోనూ అచ్చంగా ఇదే. తైకోలకు తోలు మూసేవాళ్లను ‘బురాకు’ వాడలకు నెట్టి, 1871లో చట్టం ఆ తేడాను కొట్టేసినా పెళ్లి సంబంధాల దగ్గర, ఉద్యోగాల దగ్గర పట్టుకుని వేలాడారు. ఒసాకాలోని నానివా పేట తరాలుగా తైకోలు చేసి దేశమంతటి గుళ్లకు పంపింది. చేసేది వాళ్లు, గుడిలో వాయించేది వేరేవాళ్లు. 1987లో ఆ పేట కుర్రాళ్లు తామే పుల్లలు పట్టి బృందం కట్టారు. దానికి పెట్టుకున్న పేరు ‘ఇకారి’, అంటే కోపం. ఏడేళ్లకు 1994లో ఇక్కడ మాదిగ దండోరా మోగింది. తర్వాత ఆదివాసుల తుడుం దెబ్బ, గొల్లకుర్మల డోలు దెబ్బ. సభ్యత్వ రసీదుల మీద వాద్యాల పేర్లు అచ్చయిన ఉద్యమాలు ప్రపంచంలో ఇంకెన్ని ఉన్నాయో గానీ, ఇక్కడ మాత్రం తోలు వాసన తెలిసినవాళ్లే ఆ పేర్లు ఎంచుకున్నారు.

వరసగా తైకోలు పేర్చి పదిమంది కలిసి బాదే కచేరీని చూసి వేల ఏళ్ల సంప్రదాయమని మురిసిపోతాం. తైకో పాతదే, ఆ కచేరీ కొత్తది. 1951లో నాగనో ప్రాంతపు జాజ్ డ్రమ్మరు దైహచి ఒగుచి, జాజ్ డ్రమ్ముల సెట్టులాగా చిన్నా పెద్దా తైకోలను ఒకచోట చేర్చి మొదలుపెట్టాడు. బెల్లంపల్లి బాయిల కంటే చిన్నది దాని వయసు.

జపాన్‌లో నాకు మాత్రం అన్నిటికంటే దగ్గరగా అనిపించే మేళం వేదిక మీద ఉండదు. క్యూషూ దీవిలో తగావా అనే బొగ్గు ఊరు ఉంది. అక్కడి మిత్సుయి బాయి 1964లో మూతపడింది, దక్షిణాన మియికే అనే బాయి 1997 దాకా నడిచింది. తగావా వైపు గనుల్లో చిన్నప్పుడే దిగిన యమమోతో సకుబెయి ముసలితనంలో కూర్చుని, ఆడవాళ్లు వంగి బొగ్గు లాగడం, దీపం వెలుగులో కప్పు చూడడం అన్నీ బొమ్మలు వేశాడు. 2011లో యునెస్కో ఆ 697 బొమ్మలనూ కాగితాలనూ ప్రపంచ జ్ఞాపకాల పట్టికలో చేర్చింది. ఆ బొగ్గు ఊళ్లలో పుట్టిన పాట ‘తంకో బుషి’. ఇప్పుడు జపాన్ అంతటా వేసవిలో పెద్దల పండుగ రాత్రుల్లో, నడుమ మంచె మీద తైకో, పక్కన వెదురు వేణువు పెట్టుకుని, చుట్టూ వలయంగా తిరుగుతూ ఆడతారు. మన బతుకమ్మలాగే, కాకపోతే అక్కడ ఆడామగా, పిల్లాజెల్లా అందరూ. ఆ అడుగులకు అర్థం చెప్పనక్కర్లేదు, బాయి ఊరివాళ్లకు.

ఆ రాత్రి ఊరేగింపు ఇంకా కదలలేదు కాబట్టి మామకు అది కూడా చూపించాను. వెనక ఇద్దరు దిగిపోయిన కార్మికులు తలలు దూర్చారు.

“గదో, తవ్వుతుండు” అన్నాడొకాయన.

“గిది తట్ట భుజానికెత్తుడు. చెమ్మస్ గూడ ఉండాలె గద.” చెమ్మస్ అంటే బొగ్గు ఎత్తే పార.

“టబ్బు నూకుతుండ్రు సూడు, ఇద్దరు కలిసి.”

నుదుటి మీద చెయ్యి అడ్డం పెట్టుకుని పైకి చూసే అడుగు దగ్గర మాత్రం ఆగిపోయారు. లైటు కళ్లల్లో కొట్టిందేమో అన్నారు. అది చందమామను చూడడమని చెప్పాను. బాయి పొగగొట్టం పక్కన లేచిన చందమామ.

“రెండో షిఫ్టు ఎక్కినంక గదా” అన్నాడు మొదటాయన, తేలిపోయినట్టు.

మామ అప్పటికే ఫోను వదిలేసి డప్పు మీద గోటితో మీటుతున్నాడు. మంచు దిగుతోంది. ‘దబ్బు’మంది. “సల్లవడ్డదిరా,” అని, పెళ్లివారి అట్టపెట్టె ఇంకోటి వెతకడానికి లేచాడు.